ఊళ్లో అభివృద్ధి సంఘం పెట్టడం: మొదటి సమావేశం నుంచి మొదటి పని పూర్తయ్యే దాకా

“హైదరాబాద్‌లో మా ఊరివాళ్లం పాతిక ముప్పై మందిమి ఉన్నాం. ఊరికి ఏదైనా చేయాలని ఉంది. సంఘం ఎలా పెట్టాలి?” నారాయణపేట, నాగర్‌కర్నూల్, వికారాబాద్ జిల్లాల నుంచి నగరానికి వచ్చి స్థిరపడినవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అడిగేనాటికే వాట్సాప్ గ్రూపు తయారై ఉంటుంది, పేరు ఖాయమై ఉంటుంది, కొందరైతే లోగో కూడా గీయించి ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లను మాత్రం ఇంకా ఎవరూ అడిగి ఉండరు.

అందుకే ఈ మార్గదర్శిలో రిజిస్ట్రేషన్ ఆరో మెట్టు, చందాలు ఏడో మెట్టు. ఈ వరుస మార్చకండి.

## 1. పెత్తనం ఎవరిదో ముందే తేల్చుకోండి

సంఘం కార్యాలయం ఊళ్లో ఉండాలి. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఊళ్లో కాపురం ఉంటున్నవారే కావాలి. బోరు మోటారు కాలిపోయేది ఏ మంగళవారమో; నగరంలో ఉన్నవాళ్లు ఊరికి వచ్చేది పండగకి. నిర్ణయం తీసుకోవలసినవాళ్లు ఆరాంఘర్‌లో బస్సెక్కి రావాలంటే ఆ సంఘం పని చేయదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లది సహాయక బృందం. దరఖాస్తులు రాయడం, రాష్ట్ర స్థాయి ఆఫీసులకు తిరగడం, లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఇంజినీరునో వ్యవసాయ నిపుణుణ్నో వెతికి తీసుకురావడం వీళ్ల పని. ఊరి మనిషి గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో వచ్చినప్పుడు వెంట ఉండేది కూడా ఈ బృందమే. నా మటుకు ఈ చివరిదాన్ని అన్నిటికంటే ముందు పెడతాను. ఆసుపత్రి వరండాలో పక్కన నిలబడిన మనిషి పిలిస్తే ఊరివాళ్లు సమావేశానికి వస్తారు.

సర్పంచిని అధ్యక్షులుగా పెట్టకండి, అలాగని దూరం కూడా పెట్టకండి. ప్రతి సమావేశానికీ ఆహ్వానం పంపండి.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- ఏడాది పొడవునా ఊళ్లోనే ఉండే ఏడుగురి పేర్లు రాయగలరా?
- అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారా?
- ప్రతి వాడ నుంచీ, తండా ఉంటే తండా నుంచీ ఒకరైనా ఉన్నారా?
- ఆ ఏడుగురిలో ఒకే ఇంటివాళ్లు ఇద్దరు లేరు కదా?

నాలుగింటికీ సరైన జవాబు రాకపోతే ఇక్కడే ఆగండి. ఇంకో రెండు నెలలు ఊరికి వెళ్లి వస్తూ ఉండండి.

## 2. ఊళ్లో ఇప్పటికే ఉన్న సంఘాలను లెక్కపెట్టండి

సంఘాలే లేని ఊరు తెలంగాణలో దొరకడం కష్టం. పది పదిహేను మంది ఉండే మహిళా పొదుపు సంఘాలు, వాటన్నిటినీ కలిపే గ్రామ సమాఖ్య, 2024లో బడుల్లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ, యువజన సంఘం, కుల సంఘాలు, ఉత్తర తెలంగాణలో అయితే వీడీసీ, అంటే గ్రామాభివృద్ధి కమిటీ. వీటిలో ఏది నిజంగా పని చేస్తున్నదో, ఏది రికార్డులోనే ఉన్నదో కనుక్కోండి. ప్రశ్న ఒక్కటి చాలు: “పోయిన నెల సమావేశం ఎక్కడ జరిగింది, పుస్తకం ఎవరి దగ్గర ఉంది?”

గ్రామ సమాఖ్య గట్టిగా ఉన్న ఊళ్లో కొత్త సంఘం అవసరమే ఉండకపోవచ్చు. సంతకాలు, తీర్మానాలు, బ్యాంకు, వాయిదాలు, వడ్డీ లెక్కలు వాళ్లకు ఏళ్ల నుంచి అలవాటు. వాళ్ల ఆధ్వర్యంలో ఒక అభివృద్ధి కమిటీ పెట్టి మీరు వెనక ఉంటే సగం దారి తగ్గుతుంది. సంఘం పెట్టాలన్న ఉబలాటం ఉన్నవారికి ఈ మాట రుచించదని తెలుసు.

## 3. వాడవాడనా కూర్చోండి

రచ్చబండ దగ్గర ఒకే ఒక్క సమావేశం పెడితే మాట్లాడేది ఎప్పుడూ మాట్లాడే నలుగురే. దళితవాడ వాళ్లు అంచున నిలబడి విని వెళ్లిపోతారు. తండా వాళ్లకు కబురే అందదు. కాబట్టి ముందు వాడకొక సమావేశం, ఆ తర్వాతే ఊరందరి సమావేశం.

సమయం. పగలు పెడితే కూలి పోతుంది. రాత్రి వంటలయ్యాక, ఏడున్నర ఎనిమిది మధ్య మంచిది. నాట్లప్పుడు, పత్తి తీసేటప్పుడు పెట్టకండి. వలస వెళ్లేవారు ఎక్కువగా ఉన్న పాలమూరు ఊళ్లలో దసరా, పీర్ల పండగ, ఉగాది రోజుల్లో మనుషులు దొరుకుతారు. ఊరందరి సమావేశం అప్పటికి పెట్టుకోండి. వలస కుటుంబాలు లేనప్పుడు చేసిన తీర్మానం వాళ్లు తిరిగొచ్చాక నిలవదు.

ఆడవాళ్లతో విడిగా. ఒక్కసారైనా మగవాళ్లు లేకుండా కూర్చోనివ్వండి. నీళ్లు, మరుగుదొడ్డి, బెల్టుషాపు గురించి అసలు మాటలు అక్కడే వస్తాయి.

ముగ్గుతో ఊరి పటం. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఇళ్లు, బోర్లు, చేతిపంపులు, కుంట, బడి, అంగన్‌వాడీ, శ్మశానం, నీళ్లు నిలిచే చోటు, దీపం లేని వీధి అన్నీ గుర్తు పెట్టించండి. చదువు రానివాళ్లు కూడా వేలు పెట్టి చూపించగలరు, తప్పు ఉంటే చెరిపి దిద్దగలరు. పూర్తయ్యాక ఫోటో తీసి, అదే పటాన్ని చార్టు మీదికి ఎక్కించండి. మరునాడు పొద్దున అదే పటం పట్టుకుని పదిమంది ఊరు చుట్టి రండి. పటంలో పని చేస్తున్నట్టు గుర్తు పెట్టిన చేతిపంపుకు పిడే లేదని అప్పుడు తెలుస్తుంది.

ప్రతి వాడలోనూ మూడు ప్రశ్నలే వేయండి. ఏ ఇబ్బంది వల్ల రోజూ సమయం పోతున్నది? దేనివల్ల డబ్బు పోతున్నది? ఈ ఎండాకాలం లోపు ఏది బాగుపడితే తేడా కనిపిస్తుంది? “మీ ఊరికి ఏం కావాలి?” అని మాత్రం అడగకండి. అడిగితే ఫంక్షన్ హాలు, స్వాగత తోరణం దగ్గర మొదలవుతుంది.

## 4. మొదటి పని చిన్నదిగా, కంటికి కనిపించేదిగా ఎంచుకోండి

సంఘం నిలబడేదీ పడిపోయేదీ మొదటి పనితోనే. కాబట్టి ఇక్కడ తొందర వద్దు. ఇవన్నీ కుదిరే పనిని ఎంచుకోండి:

- రెండు మూడు నెలల్లో పూర్తయ్యేది
- కనీసం రెండు వాడలకు ఉపయోగపడేది
- భూమి తగాదా లేనిది
- ఊళ్లో ఉన్నవాళ్లే నడిపి, బాగు చేసుకోగలిగేది
- ఏ కులానికీ, గుడికీ, పార్టీకీ అంటుకోనిది

బడిలో మరుగుదొడ్లకు నీటి కనెక్షన్, పాడైన చేతిపంపుల మరమ్మతు, మురుగు నిలిచే చోట కాలువ, కుంట పూడికతీత ఈ లెక్కకు సరిపోతాయి. తోరణాలు, విగ్రహాలు, గుడి ప్రాకారాలు సరిపోవు. వాటికి డబ్బు తేలిగ్గా వస్తుంది, గొడవ కూడా అంతే తేలిగ్గా వస్తుంది.

ఆ తర్వాత ఇంకో జల్లెడ పట్టండి: ఈ పని ఎవరి బాధ్యత? ఇంటికి నల్లా నీరు మిషన్ భగీరథది. వోల్టేజి, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థవి. వీధి దీపాలు, చెత్త, మురుగు పంచాయతీవి. ప్రభుత్వం చేయవలసిన పనిని చందాలతో చేస్తే ఆ ఒక్కసారికి ఊరు సంతోషిస్తుంది. మరమ్మతు వచ్చినప్పుడు పంచాయతీ “మీరే వేశారు కదా” అంటుంది. అలాంటి పనికి సంఘం డబ్బు పెట్టవద్దు, వెంట పడి చేయించాలి.

## 5. పంచాయతీ తలుపు తట్టండి

పంచాయతీ పక్కన ఇంకో పంచాయతీ నడపడం సంఘం పని కాదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. తేదీ ముందే కనుక్కుని, మీ వాడల సమావేశాల్లో తేలిన పనులను రాతపూర్వకంగా అక్కడ పెట్టండి. తీర్మానం పుస్తకంలో రాయించి, నకలు తీసుకుని రండి. నోటి మాటకు విలువ లేదు.

గ్రామ పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. అందులో ఏం రాశారో, ఎంత ఖర్చు చూపారో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. హైదరాబాద్ బృందానికి ఇది తగిన పని: గత రెండేళ్ల ప్రణాళికలు దించి, తెలుగులో ఒక పేజీకి కుదించి, ఊరికి పంపండి. కాగితం మీద పూర్తయిన కాలువ ఊళ్లో కనబడకపోతే అప్పుడు సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆ పైన రూ.10. జవాబుకు గడువు 30 రోజులు.

అయితే తొలి అడుగే సమాచార హక్కు దరఖాస్తు అయితే పంచాయతీ కార్యదర్శి మీకు శాశ్వతంగా దూరమవుతారు. ముందు వెళ్లి కలవండి, అడగండి, ఒక నెల చూడండి. కదలిక లేకపోతే మండల కార్యాలయం, ఆ తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం వినతులు తీసుకునే ప్రజావాణి. ప్రతిచోటా రసీదు తీసుకోండి.

ఒక జాగ్రత్త. 2018లో చాలా తండాలు విడి పంచాయతీలయ్యాయి. మీరు ఒకే ఊరు అనుకుంటున్నది రికార్డులో రెండు పంచాయతీలు కావచ్చు. అప్పుడు తీర్మానం రెండు చోట్లా కావాలి.

## 6. ఇప్పుడు నియమావళి, రిజిస్ట్రేషన్

మొదటి పని మొదలై, నాలుగైదు సమావేశాలు వరసగా జరిగాక రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. దరఖాస్తు జిల్లా రిజిస్ట్రార్‌కు. సంఘం చిరునామా ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రిజిస్ట్రారే. అందుకే ఊరి చిరునామా పెట్టమన్నది. ఆశయాల పత్రం, నియమావళి, సభ్యుల గుర్తింపు కాగితాలు, కార్యాలయం ఇంటి యజమాని అంగీకారం సిద్ధం చేసుకోండి.

నియమావళిని పక్క సంఘం నుంచి నకలు చేయడం అందరూ చేసే పనే. చేసినా, ఈ విషయాలు మాత్రం మీరే కూర్చుని రాసుకోండి:

- ఇంటికి రెండు సభ్యత్వాలు: ఒక ఆడ, ఒక మగ
- సభ్యత్వ రుసుము ఒక రోజు కూలికి మించకూడదు
- కార్యవర్గంలో సగం మంది ఆడవాళ్లు. వాళ్లలో తగినంత మంది హాజరైతేనే కోరం, అంటే సమావేశం చెల్లుతుంది
- పదవీకాలం రెండేళ్లు, ఒకే పదవిలో వరసగా రెండుసార్లకు మించి వద్దు
- ఎన్నికల్లో నిలబడేవారు నామినేషన్‌కు ముందే పదవి వదులుకోవాలి
- ఎంత ఖర్చు దాటితే సర్వసభ్య సమావేశం అనుమతి కావాలో అంకెతో సహా
- సంఘం ఎవరికీ జరిమానా వేయదు, ఎవరినీ బహిష్కరించదు

చివరిది ఎందుకంటారా? నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు కొన్ని వీడీసీలు మాట వినని కుటుంబాలకు కిరాణా సామాను, పాలు, పలకరింపు బంద్ చేసి పోలీసు కేసుల దాకా వెళ్లాయి. అభివృద్ధి పేరుతో బెల్టుషాపు వేలం పాటలు నడిపినవీ ఉన్నాయి. ఊరి డబ్బు, ఊరి మాట ఒకే చోట పోగుపడితే అక్కడికే దారి తీస్తుంది. మొదటి రోజే రాసిపెట్టుకుంటే రేపు కాదనడానికి ఆధారం ఉంటుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక చాలామంది మరచిపోయేది: ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి.

## 7. డబ్బు

మొదటి రూపాయి ఊరిదే కావాలి. ఇంటికి యాభయ్యో వందో. ఇవ్వలేనివారు ఒక రోజు శ్రమ. అది లేకుండా నగరం నుంచి లక్ష పంపితే పనిని హైదరాబాద్ వాళ్ల పని అంటారు, పాడైతే బాగు చేయవలసిందీ వాళ్లే అంటారు.

ఖాతా. సంఘం పేరుతో పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. ఇద్దరి సంతకం తప్పనిసరి, అందులో ఒకరు ఆడమనిషి. చందా కోశాధికారి సొంత ఫోన్ నంబరుకు వేయించుకోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మనిషి ఎంత నిజాయితీపరుడైనా, సొంత డబ్బూ సంఘం డబ్బూ కలిసిన ఖాతాను ఎవరికీ చూపించలేడు. ఖాతా తెరిచే వరకు చందా వసూలు ఆపండి.

రసీదు. పది రూపాయలకైనా వరస నంబరు ఉన్న రసీదు ఇవ్వండి.

గోడ లెక్క. పంచాయతీ ఆఫీసు గోడ మీదో బడి గోడ మీదో నల్ల బోర్డు వేసి, నెలనెలా వచ్చినది, ఖర్చయినది, మిగిలినది పెద్ద అక్షరాలతో రాయండి. వాట్సాప్‌లో పెట్టే పీడీఎఫ్ నగరానికి, ఊరికి గోడే. చదవలేనివారి కోసం సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి.

పన్ను. ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు చేయించుకుంటే, అంటే అందరూ 12ఏ, 80జీ అని పిలిచేవి తీసుకుంటే, దాతలకు మినహాయింపు దొరుకుతుంది. రూ.2,000 దాటి నగదుగా ఇస్తే అది వర్తించదు.

అమెరికా డబ్బు. ఇక్కడ తెలియక చిక్కుల్లో పడేవారు ఎక్కువ. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మేనమామ కొడుకే కావచ్చు. పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగాకే ఖాతా నంబరు ఇవ్వండి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు (సీఎస్ఆర్). మొదటి మూడేళ్లు దీని వెంట పడకండి. కంపెనీలు నిధులు ఇచ్చే బయటి సంస్థకు మూడేళ్ల పని చరిత్ర ఉండాలి, సీఎస్ఆర్-1 పత్రంతో నమోదై ఉండాలి. ఆ మూడేళ్లూ గోడ లెక్క సరిగ్గా రాస్తే అదే మీ చరిత్ర.

## 8. పని చేయించడం: కుంట పూడికను ఉదాహరణగా తీసుకుందాం

ఫిబ్రవరిలో నీటిపారుదల శాఖ ఇంజినీరును కలిసి రాతపూర్వక అనుమతి అడగండి. కుంట ఊరిదే అయినా తవ్వే హక్కు మీది కాదు. హద్దులు చూపించమనండి, శిఖం భూమి (కుంట లోపలి భూమి) సాగులో ఉంటే ఆ రైతులతో ముందే మాట్లాడాలి.

మార్చిలో కట్ట, తూము, అలుగు, కుంటలోకి నీరు తెచ్చే పాటు కాలువ నడిచి చూడండి. చాలా కుంటలకు పూడిక కంటే మూసుకుపోయిన పాటు కాలువే అసలు జబ్బు. నీరు వచ్చే దారి తెరవకుండా కుంట ఎంత లోతు చేసినా వాన నీరు పక్కనుంచి పోతుంది. తవ్విన చోట మట్టిని పరీక్షకు పంపి, పొలానికి పనికొస్తుందో లేదో తెలుసుకోండి.

ఏప్రిల్, మే తవ్వకం. చెరువులు బాగు చేసిన మిషన్ కాకతీయ పథకం రోజుల్లో పాటించిన పద్ధతే పాటించండి: తవ్వే ఖర్చు ఒకరిది (అప్పుడు ప్రభుత్వం, ఇక్కడ సంఘం), మట్టి తోలుకునే ట్రాక్టరు ఖర్చు రైతుది. చిన్న రైతులకు, దళితవాడ రైతులకు మొదటి వరస ఇవ్వండి; లేదంటే ట్రాక్టరు ఉన్నవాళ్ల పొలాలకే మట్టంతా చేరుతుంది.

పని జరిగే రోజుల్లో ఒకరు ఈ పుస్తకం పట్టుకుని గట్టు మీద ఉండాలి:

- జేసీబీ మొదలైన సమయం, ఆగిన సమయం, మీటరు అంకె
- ట్రాలీల లెక్క, ఎవరి పొలానికి ఎన్ని
- డీజిల్ ఎవరు పోశారు
- సాయంత్రం ఇద్దరు సభ్యుల సంతకం

కట్ట అడుగున తవ్వనివ్వకండి, కట్ట జారుతుంది. రాత్రిళ్లు తవ్వకం వద్దే వద్దు. చీకట్లో వెళ్లే మట్టి పొలానికి కాదు, ఇటుక బట్టీకి వెళుతుంది. తవ్వక ముందు, తవ్విన తర్వాత ఒకే చోట నిలబడి ఫోటోలు తీయండి.

వానాకాలం మొదటి నీరు చేరిన వారంలో సమావేశం పెట్టి ఖర్చు చదవండి. తూము తిప్పేదెవరు, పాటు కాలువలో ఏటా చెత్త తీసేదెవరు, వారికి ఇచ్చేదెంత? ఈ మూడూ అదే సమావేశంలో తేలాలి. మొత్తం వసూలులో కొంత నిర్వహణకు పక్కన పెట్టాకే తర్వాతి పని మాట ఎత్తండి.

## 9. సంఘం తడబడినప్పుడు

సమావేశానికి మనుషులు రావడం లేదు. పోయినసారి తీర్మానించిన పని జరిగిందో లేదో చూడండి. జరగకపోతే కొత్త సమావేశం వద్దు, ఆ పని ముగించండి.

వాట్సాప్‌లో నగరం వాళ్లే నిర్ణయాలు చేస్తున్నారు. గ్రూపులో చర్చించవచ్చు, తీర్మానం ఊరి సమావేశంలోనే అని నియమం పెట్టండి. ఊరివాళ్లు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే టైపు చేయమని అడగకండి.

లెక్కల మీద అనుమానం. వివరణలతో లాభం లేదు. వాడకొకరు చొప్పున ముగ్గురితో పరిశీలన కమిటీ వేసి, పుస్తకాలన్నీ వాళ్ల చేతికి ఇవ్వండి. ఉపాధి హామీ సామాజిక తనిఖీల వల్ల మన ఊళ్లలో రికార్డును బహిరంగంగా చదివి ప్రశ్నించే అలవాటు ఉంది, దాన్నే వాడుకోండి.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా కొత్త పని, వసూలు, ప్రారంభోత్సవం ఏదీ పెట్టకండి.

ఒక్కరే అన్నీ చేస్తున్నారు. ఆయన మంచివాడే కావచ్చు. అయినా ఆయన లేకుండా ఒక సమావేశం జరిపి చూడండి. జరగకపోతే వచ్చే ఆరు నెలలు ప్రతి పనికీ ఆయన పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి.

## 10. చూసి రావలసిన చోట్లు

ఉపన్యాసాలకంటే ఇంకో ఊరిని చూడటం మేలు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో గ్రామీణ సాంకేతిక పార్కు ఉంది. తక్కువ ఖర్చు ఇళ్ల నిర్మాణ పద్ధతులు, చిన్న యూనిట్లు చూడవచ్చు. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ తోడ్పాటుతో మొదలైన వాటర్‌షెడ్ (వాన నీటిని, నేలను కాపాడే) పని ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి దళిత మహిళల సంఘాలు చిరుధాన్యాలు, విత్తనాల మీద ఏళ్లుగా పని చేస్తున్నాయి. విషయానికొక కమిటీ ఎలా పంచుకోవచ్చో చూడాలంటే వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి. ఎక్కడికైనా ముందుగా ఫోన్ చేసి, అనుమతి తీసుకుని వెళ్లండి.

బృందంలో సగం మంది ఆడవాళ్లు, కనీసం ఇద్దరు సంఘం అంటే నమ్మకం లేనివాళ్లు ఉండాలి. చార్జీలు, పోయిన కూలి సంఘం భరించాలి. అక్కడ అడగవలసినవి ముందే రాసుకుని వెళ్లండి: మొదట్లో ఎవరు వ్యతిరేకించారు, ఏ పని మధ్యలో ఆగిపోయింది, మోటారు కాలితే డబ్బు ఎక్కడిది. తిరిగొచ్చిన వారంలోపు, వెళ్లినవాళ్లే ఒక్కో వాడలో కూర్చుని చూసింది చెప్పాలి.